జమ్మాకు నేనే పెట్టాను, ఖర్జూరాలు కాదు

నా మీద ఒక కథ తిరుగుతోంది. అది ఒమాన్‌లో సహం తోటల్లో పుట్టింది, దుక్మ్ లేబర్ క్యాంపుల్లో పెరిగింది, సెలవు మీద ఇంటికి పోయేవాళ్ళ వెంట విమానమెక్కి మా మెట్‌పల్లి పల్లెల్లో పెళ్ళి పందిళ్ళ దాకా చేరింది. అందులో ఒక గుర్రం ఉంది, ఒక అడవి ఉంది, దయగల అర్బాబ్, అంటే యజమాని, ఉన్నాడు, సమయానికి గుర్రం ప్రాణం కాపాడిన లచ్చన్న ఉన్నాడు, బుద్ధిలేని మల్లేశం ఉన్నాడు. ఆ మల్లేశం నేనే. కథ చెప్పిన ప్రతివాడూ నా పేరూ ఊరూ తప్పు లేకుండా చెప్పాడు. ఆ ఒక్క విషయంలో అందరూ చాలా జాగ్రత్తపడ్డారు. కానీ ఇన్నేళ్ళలో ఏ ఒక్కరూ నా దగ్గరికొచ్చి అసలేం జరిగిందని అడగలేదు. నేనే చెప్పబోతే "తెల్సుతియ్" అని నవ్వారు. గుర్రానికి నోరు లేదు కాబట్టి దాన్ని అడగలేదంటే అర్థం చేసుకుంటాను. నాకు ఉంది. మా ఇంటావిడ మాట నమ్మితే, అవసరానికి మించే ఉంది.

మొన్న శుక్రవారం లచ్చన్న అల్లుడు నా రూమ్‌కు వచ్చాడు. నేనిప్పుడు మస్కట్‌లో, బౌషర్ దగ్గర ఒక ఇంట్లో డ్రైవర్‌ని. కార్ల షెడ్డు వెనక గది నాది. అల్లుడు దుక్మ్‌లో ఏదో సైట్ మీద ఫోర్‌మన్. పన్ను నొప్పితో ఆస్పత్రికి వచ్చి, అత్త పంపిన మామిడికాయ తొక్కు ఇచ్చిపోదామని దిగాడు. మంచివాడే. చాయ్ చేతికిచ్చాక, బుగ్గ వాచి ఉన్నా నవ్వు ఆపుకోలేక, "మామా, గుర్రానికి జమ్మాకు తినిపిచ్చి పండవెట్టింది మీరేనటగా?" అన్నాడు. ఖర్జూరాల సంగతి మీ మామను అడిగినవా అన్నాను. అతను నిజంగానే కాసేపు ఆలోచించాడు. "ఖర్జూరాలా? ఆ ముచ్చట్ల ఖర్జూరాలు లెవ్వు మామా" అన్నాడు. చూశారా. నన్ను వెక్కిరించడమే కాదు, సాక్ష్యాన్ని కూడా కథలోంచి ఏరి పారేశారు, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు.

పోయేముందు ఇంకొక మాట చెప్పాడు. లచ్చన్న చెప్తే సహం వెళ్ళి మా పాత అర్బాబ్‌ను చూసి వచ్చాడట. ఆయన మంచం దిగడం లేదు. చూపు పోయింది, చెవులు మాత్రం బాగున్నాయి, గొంతును బట్టి మనుషుల్ని గుర్తుపడుతున్నాడు. లచ్చన్న పేరు చెప్పగానే మోకాళ్ళ నొప్పులు ఎట్లా ఉన్నాయని అడిగాడట. నా పేరు చెప్తే కాసేపు వెతుక్కుని, నవ్వి, "ఆ ఆకులాయనా?" అన్నాడట. ఆయన గుర్రాలను మూడు సీజన్లు కంటికి రెప్పలా చూసినవాణ్ణి నేను. ఆయన మనసులో నాకు మిగిలింది ఆకులు. ఆయన ఈ లోకం వదిలేలోపు ఆయన చెవిన ఒక నిజం పడాలి, అది నా నోటి నుంచి పడితే లాభం లేదు, లచ్చన్న నోటి నుంచే పడాలి. అందుకే ఇది రాస్తున్నాను. జ్ఞాపకాలు రాయాలన్న సరదా నాకు ఎప్పుడూ లేదు. నాకున్నది జ్ఞాపకశక్తి, అది వేరే.

అర్బాబ్ తోట సహంలో, సముద్రం నుంచి గాలి వస్తే చేపల వాసన, కొండల నుంచి వస్తే దుమ్ము వాసన తగిలేచోట ఉండేది. నిమ్మ, మామిడి, ఖర్జూరం, వాటి మధ్య గుర్రాల కొట్టం, దూరంగా మేకల దొడ్డి. మేకల దొడ్డి దూరంగా ఎందుకుండేదంటే అక్కడ మేకలకు ఎండబెట్టిన చేపలు పెడతారు. మేక చేప తింటుందని మా అమ్మకు ఫోన్‌లో చెప్తే, ఎండకు నాకేదో అయిందని ఏడ్చింది. గుర్రాల కొట్టంలో మాత్రం తెల్లవారు జామునే కోసిన లూసర్న్ గడ్డి పచ్చి వాసన, తడి బార్లీ, తోలు జీనుకు రాసే నూనె, గుర్రం చెమట. ఆ వాసనకు మొదటివారం ముక్కుకు తువ్వాలు కట్టుకున్నాను, ఆ తర్వాత అది లేకపోతే నిద్ర పట్టేది కాదు. ఊళ్ళో నేను గుర్రాన్ని చూసింది పెళ్ళికొడుకు కింద మాత్రమే. నన్ను అక్కడికి తెచ్చింది లచ్చన్న. మా పక్క ఊరివాడు, నాకంటే పెద్ద, అప్పటికే అరబ్బీ గడగడా మాట్లాడేవాడు. వీసా ఇప్పించినవాడు కాబట్టి నేను ఆయన బట్టలు ఉతికాను, ఆయన సామెతలు విన్నాను, ఆయన చెప్పిన ప్రతి అబద్ధానికీ తల ఊపాను. ఇది ఫిర్యాదు కాదు. ఫిర్యాదు ముందు ముందు వస్తుంది.

ఆ ఇంటికి అసలు యజమాని అర్బాబ్ కాదు, ఆయన తల్లి. మేమంతా పెద్దమ్మ అనుకునేవాళ్ళం. పొద్దున్నే చాప మీద కూర్చుని, యాలకులు వేసిన కహ్వా కాఫీ చిన్న గిన్నెల్లో పోయించుకుని, ఒక్కో గుక్కకూ ఒక్కో ఖర్జూరం నోట్లో వేసుకుని, గింజను అరచేతిలోకి ఉమ్మి పక్కన పెట్టేది. ఆ గింజలను ఎవరైనా తొక్కితే తిట్టేది. సాయంత్రం కాగానే మట్టి ధూపదానిలో లుబాన్ వేసి, చేతికర్ర పొడుచుకుంటూ కొట్టానికి వచ్చి, ప్రతి గుర్రం మెడ చుట్టూ పొగ తిప్పేది. మా ఇంట్లో శుక్రవారం సాంబ్రాణి వేసే మా నాయనమ్మే గుర్తొచ్చేది నాకు. తేడా ఏమిటంటే మా నాయనమ్మ గుర్రాలకు వేయలేదు, పెద్దమ్మ మాకు వేయలేదు. ఆమెను చూసుకోవడానికి, వంటకు, రాయచోటి నుంచి వచ్చిన నారాయణమ్మ ఉండేది. నారాయణమ్మ నోటికి అర్బాబ్ కూడా జంకేవాడు, ఆమె తిట్టేది తెలుగులో అయినా.

ఇక రీమ్. ఎర్రటి ఆడగుర్రం, నుదుట వేలిముద్రంత తెల్లమచ్చ, కళ్ళు మాత్రం పెళ్ళి చూపుల్లో అబ్బాయిని వద్దనబోయే పిల్ల కళ్ళు. దాన్ని ఎవరూ మచ్చిక చేసుకోలేదు. అదే నన్ను ఎంచుకుంది. నా భుజం మీది తువ్వాలును పళ్ళతో లాగి కింద పడేసి, నేను వంగి తీసుకుంటే వీపు మీద ముక్కుతో పొడిచేది. లచ్చన్న దగ్గరికి పోతే చెవులు వెనక్కి వాల్చేది. ఒకసారి ఆయన చెప్పు మీద డెక్క పెట్టి, చూపు మాత్రం దూరంగా కొండల మీద నిలిపి, చాలాసేపు అట్లాగే నిలబడింది. కొట్టంలో పెద్దవాడు ఆయన, అరబ్బీ వచ్చినవాడు ఆయన, గుర్రం మాత్రం నా వెంట తిరిగేది. ఆయనకు అది చెప్పులో రాయి లాగా ఉండేదని నాకు అప్పుడే తెలుసు. నేను ఏం చేయను? గుర్రానికి సీనియారిటీ ఎట్లా నేర్పిస్తారు?

ఎండలు కొంచెం వెనక్కి తగ్గగానే అర్బాబ్‌కు అడవి మీద గాలి మళ్ళేది. గుర్రాలను ట్రెయిలర్లలో ఎక్కించుకుని, పెద్దమ్మనూ నారాయణమ్మనూ వెంటబెట్టుకుని, తెల్లవారక ముందే బయలుదేరి, షర్కియా ఇసుక దిబ్బల అంచున ఉన్న గాఫ్ చెట్ల అడవికి పోయేవాళ్ళం. అడవి అంటే మన అడవి కాదు. చెట్టుకూ చెట్టుకూ మధ్య మనిషి అరిస్తే వినపడేంత దూరం, కింద ఇసుక, పైన సన్నటి ఆకుల నీడ. అక్కడ ఏమీ ఉండదు. నీళ్ళ ట్యాంకర్ మాతోనే రావాలి, కట్టెలు మాతోనే రావాలి, మరుగుకు మాత్రం దిబ్బ వెనక్కి ఎవరికి వాళ్ళే పోవాలి. అర్బాబ్, ఆయన స్నేహితులు పగలు గుర్రాల మీద తిరిగేవాళ్ళు, మధ్యాహ్నం నీడలో పడుకుని గురక పెట్టేవాళ్ళు. అర్బాబ్ గురకకు గుర్రాలు చెవులు నిక్కించేవి. పట్నంలో అన్ని సౌకర్యాలూ ఉన్నవాళ్ళు కష్టపడటానికి అంతదూరం వచ్చి, ఆ కష్టమంతా మాకు వదిలేవాళ్ళు. దాన్ని వాళ్ళు విశ్రాంతి అనేవాళ్ళు.

మొదటిసారి అక్కడ దిగినప్పుడు లచ్చన్న నా చేతిలో తాడు పెట్టి గుర్రాలను చెట్లకు కట్టమన్నాడు. నేను చెట్టు దగ్గరికి పోయి, ఆకు చూసి, ముల్లు చూసి, బెరడు మీద చెయ్యి పెట్టి ఆగిపోయాను. అది జమ్మి. వాళ్ళు గాఫ్ అంటారు, నాలుగు వందల జమ్మి చెట్లు ఒక్కచోట నిలబడి ఉన్నాయి. మా వైపు దసరా నాడు ఊరంతా డప్పులతో ఒక్క జమ్మి కోసం ఊరి బయటి దాకా నడుస్తుంది, ఆకు తెంపుకుని బంగారమని పెద్దల చేతిలో పెట్టి కాళ్ళు మొక్కుతుంది. నేను తాడు కింద పెట్టాను.

"ఏందిర, నిలవడ్డవ్?" అన్నాడు లచ్చన్న.

"ఇది జమ్మి అన్నా. జమ్మికి పశువును కడ్తరా?"

"ఇది ఒమాన్ చెట్టుర. దీనికి నీ దసరా ఎర్కనా?"

చెట్టుకు తెలియకపోవచ్చు, నాకు తెలుసు. రెండు పికప్‌లను ఎదురెదురుగా నిలబెట్టి, వాటి మధ్య లావుపాటి తాడు బిగించి, గుర్రాలను దానికి కట్టాను. బెరడు గీరుకుపోలేదు, కొమ్మ విరగలేదు, గుర్రాలు చిక్కుపడలేదు. నాకు దక్కిన మర్యాద ఏమిటంటే, అందరూ దాన్ని మల్లేశం దండెం అన్నారు. అర్బాబ్ స్నేహితులు తడి తువ్వాళ్ళు తెచ్చి గుర్రాల పక్కన ఆరేశారు. ఆ తర్వాత ఏ క్యాంపుకు పోయినా అదే పద్ధతిలో కట్టారు. ఇది ఎవరి ఆలోచన అని ఎవరూ ఎప్పుడూ అనుకోలేదు. ఆ చిన్న అవమానాన్ని ఇక్కడ ఊరికే రాసి పెడుతున్నాను, పెద్దదానికి ముందు నోరు తడుపుకోవడానికి.

మూడో సీజన్‌లో మేం అడవిలో ఉండగానే దసరా వచ్చింది. నారాయణమ్మ సిగ్నల్ కోసం దిబ్బ ఎక్కి ఇంటికి ఫోన్ చేసి దిగివచ్చి, రేపే పండగంట నాయనా అని చెప్పింది. మర్నాడు పొద్దున్నే ట్రెయిలర్ మీద పాలపిట్ట కూర్చుని ఉంది. అబద్ధం కాదు, అక్కడ పాలపిట్టలు మన దగ్గరకంటే ఎక్కువ. పాలపిట్ట కనపడింది, చుట్టూ జమ్మి ఉంది, ఇక పండగ చేయకపోతే పాపం. మా ఊళ్ళో డ్రైవర్ బండికి మొక్కుతాడు, వడ్రంగి బాడిసెకు మొక్కుతాడు. నా పనిముట్టు రీమ్. దాన్ని కడిగి, దువ్వి, నారాయణమ్మ డబ్బాలోంచి పసుపు, కుంకుమ అడిగి తెచ్చి నుదుటి మచ్చ మీద బొట్టు పెట్టాను. నారాయణమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసింది. "పసుపు పూసినావు, బొట్టు పెట్టినావు. ఇంగ పుస్తె గూడా కట్టేసి కాపురం పెట్టుకోపో" అంది. పెద్దమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చి బొట్టును వేలితో తాకి, ఎందుకని సైగ చేసింది. రీమ్ మెడలో ఆమే కట్టిన నీలం పూస ఉంది, దిష్టి తగలకుండా. నేను ఆ పూసను చూపించి, బొట్టును చూపించాను. ఆమెకు అర్థమైంది. అతిథులు వచ్చేలోపు కడిగెయ్యమని అర్బాబ్ మాత్రం చెప్పాడు, నవ్వుతూనే.

అప్పటిదాకా ఎగతాళి చేసిన లచ్చన్న, అర్బాబ్ నవ్వాడని చూడగానే పూజ తన చేతిలోకి తీసుకున్నాడు. నైవేద్యం లేకుండ పూజేందిర అన్నాడు. బెల్లం లేదు, కొబ్బరికాయ లేదు. వంట గుడారంలోకి పోయి పెద్దమ్మ ఖర్జూరాల డబ్బా పట్టుకొచ్చాడు. అవి మామూలువి కావు, మర్నాడు వచ్చే అతిథుల కోసం ఆమె తన చేత్తో నువ్వులు వేసి గింజలతోనే ఒత్తి పెట్టుకున్నవి. ఇక్కడ నేను చేసింది చెప్తాను, ఇందులో దాచడానికి ఏమీ లేదు. రెండు వేళ్ళ పొడవు జమ్మి రెమ్మ తెంపి, బంగారమని రీమ్ పెదాల దగ్గర పెట్టాను. అది నమిలింది, సగం నా చొక్కా మీద ఉమ్మింది. అంతే. అక్కడ ఒంటెలు ఆ చెట్టును నిలువునా మేస్తాయి, వాటికి ఏమీ కాదు. తర్వాత అందరికీ ఆకు పంచాను. లచ్చన్న కాళ్ళు మొక్కి ఆలింగనం చేసుకున్నాను. పెద్దమ్మ ఆకును వాసన చూసి లుబాన్ సంచిలో వేసుకుంది. అర్బాబ్ జేబులో పెట్టుకున్నాడు. తక్కిన గుర్రాలకు నీళ్ళు తాపడానికి ట్యాంకర్ దగ్గరికి పోతూ వెనక్కి తిరిగి చూస్తే, లచ్చన్న డబ్బాను చంకలో ఇరికించుకుని రీమ్‌కు పిడికిలి మీద పిడికిలి పెడుతున్నాడు. ఎన్నడూ దగ్గరికి రానివ్వనిది ఆయన అరచెయ్యి నాకుతోంది. ఆయన ముఖంలో ఎంత సంతోషమంటే, పెళ్ళినాడు కూడా అంత ఉండి ఉండదు. నేను తిరిగొచ్చేసరికి డబ్బా మూత పెట్టి ఉంది.

మర్నాడు అతిథులు వచ్చే వేళకు నారాయణమ్మ డబ్బా తెరిచి గోల పెట్టింది. పెద్దమ్మ డబ్బా నాకినోడు ఎవడ్రా అంది. లచ్చన్న కాకులేమో అన్నాడు. "మూత దీసి, తిని, మళ్ళీ మూత పెట్టిపొయ్యే కాకులా? యా బడిలో సదివినాయి నాయనా అవి?" అంది. మేమిద్దరం కలిసి తిన్నామని ఆమె తేల్చేసింది. ఆమె రాయచోటి వెళ్ళిపోయేదాకా ఆ మాట మీదే ఉంది. చేయనిదానికి ఒకే రోజు రెండు నేరాలు మోసినవాణ్ణి నేను.

ఎండ వాలుతుండగా రీమ్ ముందుకాలితో ఇసుక గీరడం మొదలుపెట్టింది. గడ్డి ముట్టలేదు. మెడ తిప్పి తన పొట్టకేసి చూసుకుంది, అక్కడెవరో పిలిచినట్టు. వెంటనే కూలబడి దొర్లబోయింది. కడుపునొప్పి వచ్చిన గుర్రం దొర్లితే పేగు మెలిపడి చస్తుందని అర్బాబ్ మాకు మొదటి రోజే చెప్పాడు. నేను తాడు పట్టుకుని లేపాను. ఒళ్ళంతా చెమట, ముక్కుపుటాలు పెద్దవై ఉన్నాయి, అర్బాబ్ కడగమన్నా నేను కడగని బొట్టు చెమటకు కరిగి ముక్కు మీదికి కారుతోంది. అర్బాబ్ చెప్పులు లేకుండానే దిబ్బ మీదికి పరిగెత్తి పశువుల డాక్టర్‌కు ఫోన్ చేశాడు. డాక్టర్ ఎక్కడో దూరపు ఊళ్ళో ఉన్నాడు. నేను బయలుదేరుతున్నాను, వచ్చేదాకా నడిపిస్తూనే ఉండండి, పడుకోనివ్వకండి అన్నాడట. నడిపించాను. గుడారాల నుంచి ట్యాంకర్ దాకా, ట్యాంకర్ నుంచి గుడారాల దాకా. అది మోకాళ్ళు వంచినప్పుడల్లా మెడ కింద భుజం పెట్టి తోశాను, తిట్టాను, బతిమాలాను, మా ఊరి మల్లన్నకు మొక్కాను. నారాయణమ్మ ఇంగువ మజ్జిగ పట్టమంది. పెద్దమ్మ లుబాన్ పొగ పట్టుకుని మా వెంట నడిచింది. లచ్చన్న ఏం చేశాడంటే, అర్బాబ్ పక్కన నిలబడి ఆయనకు ధైర్యం చెప్పాడు. కథలో ప్రాణం కాపాడటం అంటే అదే.

ఆ స్థితిలో గుర్రం బాగుపడుతుందనడానికి ఒకటే గుర్తు, అది పేడ వెయ్యడం. కాబట్టి ఆ సాయంత్రం ఒక అర్బాబ్, ఆయన తల్లి, తెల్లటి పొడుగు దిష్‌దాషాలు తొడుక్కుని విందుకు వచ్చిన అతిథులు, అందరూ మాట్లాడటం మానేసి ఒక ఆడగుర్రం తోక కిందికి చూస్తూ నిలబడ్డారు. నెలవంక కోసం కూడా జనం అంత ఆశగా చూసి ఉండరు. సూర్యుడు దిబ్బ వెనక్కి జారుతుండగా, ట్యాంకర్ అవతల, రీమ్ ఆగింది, తోక ఎత్తింది, వేసింది. గుడారాల దగ్గరి నుంచి అల్‌హమ్దులిల్లా అని అందరూ ఒక్కసారి అన్నారు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పేడ చూసి ఏడ్చినవాణ్ణని నవ్వుకోండి. వంగి చూశాను. పేడ నిండా ఖర్జూరం గింజలు. ఒకటీ రెండూ కాదు, పాయసంలో జీడిపప్పు వేసినట్టు. అప్పటికే లచ్చన్న పరుగున వచ్చి పక్కన నిలబడ్డాడు. ఆయన చూశాడు. నేను చూడటం చూశాడు. కాలితో ఇసుక తోసి పేడను కప్పేశాడు, శుభ్రత మీద ఎప్పుడూ లేని శ్రద్ధతో.

డాక్టర్ వచ్చేసరికి రీమ్ నీళ్ళు తాగుతోంది. ఆయన దాని పొట్టకు గొట్టం ఆనించి విని, ఏం తిన్నదని అడిగాడు. నా అరబ్బీ అప్పటికి గడ్డి, నీళ్ళు, రా, పో దాకా మాత్రమే. లచ్చన్నే చెప్పాడు. చాలాసేపు చెప్పాడు. ఆకు అనే మాట నాకు తెలుసు, అది రెండుమూడు సార్లు వినపడింది. ఖర్జూరం అనే మాట కూడా తెలుసు, అది ఒక్కసారీ రాలేదు. అర్బాబ్ జేబులోంచి నేను ఇచ్చిన జమ్మాకును తీసి డాక్టర్‌కు చూపించాడు. డాక్టర్ అటూ ఇటూ తిప్పి చూసి భుజాలు ఎగరేశాడు. ఎగరేసిన భుజాలు నాకు అనుకూలమో వ్యతిరేకమో ఎవరూ అడగలేదు. అర్బాబ్ నా వైపు తిరిగి, కోపం లేకుండానే, మాకు అర్థమయ్యే హిందీలో, "కల్ సే తుమ్ బక్రీ దేఖో" అన్నాడు. రేపటి నుంచి నాకు మేకలు.

అప్పుడే ఎందుకు చెప్పలేదు అంటారు. చెప్తాను. పరాయి దేశంలో మన ఊరివాడి మీద అర్బాబ్ ముందు నోరు విప్పకూడదు. అది ఎవరూ రాయని కట్టుబాటు. రూమ్‌లో ఒకే గిన్నెలో తినేవాళ్ళందరికీ అది తెలుసు. పైగా పెద్దవాడు, వీసా ఇప్పించినవాడు. నేను లచ్చన్న ముఖంలోకి చూశాను. ఆయనే చెప్తాడనుకున్నాను. ఆ పూట కాకపోతే మర్నాడు, అందరి కోపం చల్లారాక చెప్తాడనుకున్నాను. ఆయన నా భుజం తట్టి, "మేకలు గూడ పానమున్నయే గదర" అన్నాడు.

మేకలకు ప్రాణం ఉంది నిజమే. ఎండుచేపల వాసన కూడా ఉంది, అది మనిషికి అంటుకుంటే సబ్బుకు పోదు. రీమ్‌కు ఆ వాసన నచ్చదు. అయినా నేను మేకలను తోలుకుని కొట్టం ముందు నుంచి పోతుంటే సకిలించేది. కొన్నాళ్ళకు లచ్చన్న దాన్ని అవతలి వైపు గదికి మార్చాడు, గాలి బాగా వస్తుందని. మరుసటి ఏడు అది ఈనింది. పిల్లను మొదట తుడిచింది లచ్చన్న, పేరు పెట్టేటప్పుడు పక్కన ఉన్నది లచ్చన్న. అతిథులు కూర్చునే మజ్లిస్ గదిలో అర్బాబ్, లచ్చన్న, రీమ్, పిల్ల కలిసి ఉన్న ఫోటో కట్టించి పెట్టారు. అంచున ఒక మోచెయ్యి కనపడుతుంది. అది నాది, మేకను పక్కకు లాగుతున్నాను. నేను డ్రైవింగ్ నేర్చుకుని ఆ తోట వదిలిన చాలాకాలానికి రీమ్ పోయిందట. ఆ సంగతి నాకు కూరగాయల మార్కెట్లో ఎవరో చెప్పారు, వంకాయలు ఏరుతూ.

ఈమధ్య బౌషర్ ఇంటివాళ్ళను అదే అడవికి తీసుకుపోయాను. ఇప్పుడు అక్కడ గేటు ఉంది. గుడారాల్లో తివాచీలు, కూలర్లు, మంచాలు, మరుగుదొడ్లకు తాళాలు. గుర్రాలు కూడా ఉన్నాయి, మనిషిని ఎక్కించుకుని నాలుగు అడుగులు వేసి, ఫోటోకు నిలబడి, దిగిపోతాయి. వాటి వాసన కూడా రాదు, ఏం రాసి కడుగుతారో. మా కాలంలో ఒంటి నిండా ఇసుకతో, గుర్రం చెమటతో, పొగ కంపుతో వారం బతికితే దాన్ని క్యాంపు అనేవాళ్ళు. కష్టం పోయింది, మంచిదే. కష్టపడేవాళ్ళు మాత్రం పోలేదు, వెనక షెడ్లలో ఉన్నారు, తివాచీలు దులుపుతున్నారు. ఒక పెద్ద బోర్డు పెట్టారు: గాఫ్ చెట్లకు జంతువులను కట్టరాదు, కొమ్మలు విరవరాదు. నేను దాని ముందు చాలాసేపు నిలబడ్డాను. గేటు దగ్గరి కుర్రవాణ్ణి పిలిచి, ఈ రూల్ మొదట పెట్టింది నేనే అని చెప్పాను. పార్కింగ్ అటువైపు అన్నాడు.

అల్లుడు వెళ్ళిపోయాక, ఇప్పుడు ఊళ్ళోనే ఉంటున్న లచ్చన్నకు ఫోన్ చేశాను. మోకాళ్ళ సంగతి చెప్పాడు, వానల సంగతి చెప్పాడు, తొక్కు ఎట్లుందిర అన్నాడు. తొక్కు మంచిగున్నది, అర్బాబ్‌కు ఖర్జూరాల ముచ్చట ఎప్పుడు చెప్తవన్నా అన్నాను. "ఇంక అదే పట్టుకున్నవా? గుర్రమే పాయె, ఇప్పుడు ఎవలికి కావాల్నర అది?" అన్నాడు. నాకు కావాలి అన్నాను. ఎవరో వచ్చిన్రు, మళ్ళ చేస్త అన్నాడు. చేయలేదు.

లచ్చన్నా, ఇది నీ అల్లుడికి పంపిస్తున్నాను, నీకు చదివి వినిపించమని. ఊళ్ళో నన్ను చూసి నవ్వుకుంటే నవ్వుకోనీ, పెళ్ళిళ్ళకు నవ్వులు కావాలి. నువ్వు నాకు క్షమాపణ చెప్పనక్కర లేదు. రీమ్‌ను నువ్వు కావాలని బాధపెట్టలేదని నాకు తెలుసు. ఒక్క పూట అది నిన్ను ఇష్టపడాలని పెట్టావు, నేను కూడా అట్లాగే పెట్టి ఉండేవాణ్ణేమో. కానీ ఆ ముసలాయన కళ్ళు లేకుండా మంచంలో పడుకుని, ఆయనకు అన్నింటికంటే ఇష్టమైన గుర్రాన్ని చంపబోయినవాడు మల్లేశమని అనుకుంటూ పోతున్నాడు. నేను చెప్తే ముసలితనంలో సాకులంటాడు. నీ గొంతు ఆయన గుర్తుపడతాడు, నీ మాట నమ్ముతాడు, ఎప్పుడూ నమ్మాడు. ఆయన కొడుకు నంబర్ నీ అల్లుడి దగ్గర ఉంది. పొద్దుటిపూట ఆయనకు తెలివి బాగుంటుందట. నన్ను మేకలకు పంపిన మనిషికి, నీ నోటితో, ఎప్పుడు చెప్తున్నావు?